జారుడుబల్ల: ఇనుముదా, ప్లాస్టిక్‌దా?

ఇనుప జారుడుబల్ల ఎండకు కాలుతుంది, ప్లాస్టిక్‌దైతే ఫర్వాలేదు అనుకుంటాం. ముదురు రంగు ప్లాస్టిక్ కూడా పిల్లల చర్మాన్ని కాల్చగలదు, కాబట్టి నీడ రెండింటికీ కావాల్సిందే.

అసలు తేడా తయారీలో ఉంది. ఇనుముకు వెల్డింగే ప్రాణం. అతుకును తడిమితే ముళ్లలా తగిలిందంటే గ్రైండింగ్ ఎగ్గొట్టారన్నమాట. గొట్టం చివర మూత లేకపోతే వాన నీళ్లు దిగి, పైన రంగు నిగనిగలాడుతుండగానే లోపల తుప్పు తినేస్తుంది. ప్లాస్టిక్‌కు ఆ బెడద లేదు. కానీ ఎండ దెబ్బ నుంచి కాపాడే యూవీ స్టెబిలైజర్ అనే రసాయనం సరిగా కలపకపోతే ఎండకు పెళుసెక్కి, బోల్టుల చుట్టూ పగుళ్లిస్తుంది. పగులైనా కంటికి కనిపిస్తుంది. గొట్టంలో తుప్పు కనిపించదు. అందుకే నాసిరకం ఇనుమంటేనే నాకు ఎక్కువ టెన్షన్.

రెయిలింగ్ సందులు మాత్రం దేనికైనా కొలవాలి. 3.5 నుంచి 9 అంగుళాల మధ్య ఉంటే పిల్లల తల ఇరుక్కోవచ్చు.