సన్న వడ్లు పచ్చిగానే మిల్లుకా, ఎండబెట్టి కొనుగోలు కేంద్రానికా: ఏది మేలు?

సాగర్ ఎడమ కాలువ కింద కోత మిషన్ దిగిందంటే సన్నాల రైతుకు రెండు దార్లు. ట్రాలీ నింపుకొని నేరుగా మిర్యాలగూడ మిల్లుకు పోవడం ఒకటి. కల్లంలో ఆరబోసి ఊళ్లో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టించడం ఇంకొకటి. మిల్లు చెప్పిన రేటును మద్దతు ధర పక్కన పెట్టి చూస్తే మాత్రం మోసపోతాం. మిల్లుది నీళ్లతో కలిపి తూచే ధర, కేంద్రానిది తేమ 17 శాతానికి దిగాక ఇచ్చే ధర.

మిషన్ నుంచి దిగిన వడ్లలో తేమ 25 శాతం ఉందనుకోండి. 100లోంచి 25 తీసేస్తే 75. దాన్ని 83తో (100లోంచి కేంద్రం అడిగే 17 తీసేస్తే వచ్చేది) భాగిస్తే 0.9036. అంటే పచ్చి క్వింటాలు ఆరితే మిగిలేది 90 కిలోల చిల్లర. 25లోంచి 17 పోతే 8 కిలోలే కదా అని చాలామంది అనుకుంటారు, కానీ తగ్గేది 9.6 కిలోలు. 2025-26లో ఏ గ్రేడ్ మద్దతు ధర 2,389 రూపాయలు, సన్నాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బోనస్ 500 కలిపితే 2,889. దీన్ని 0.9036తో గుణిస్తే సుమారు 2,610. పచ్చి వడ్లకు మిల్లు ఇంతకంటే తక్కువ చెబితే ఆలోచించాల్సిందే. బోనస్ లేకుంటే ఈ గీత 2,159 దగ్గరే ఉండేది. బోనస్ మొదలైన 2024 వానాకాలం నుంచి లెక్క మారింది అందుకే.

అయితే 2,610 మొత్తం చేతికి రాదు. ఆరబెట్టే కూలి, టార్పాలిన్ పట్టాల కిరాయి, హమాలీ అందులోంచే పోవాలి. 40 కిలోల బస్తాకు కిలో తరుగు (తూకంలో కోత) తీశారంటే ఎండిన క్వింటాలుకు మరో 72 రూపాయలు పోయినట్టే. తరుగు ఎంతో కాంటాకు ముందే తేల్చుకోవాలి, బస్తాలు లారీ ఎక్కాక ఎవరూ మాట వినరు. బోనస్ కూడా అడిగినవాళ్లందరికీ రాదు. గింజ పొడవు 6 మిల్లీమీటర్లు, వెడల్పు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆ డబ్బు మద్దతు ధరతో కలిసి కాకుండా విడిగా పడుతుంది.

ఆరబెట్టడంలోనూ నష్టం ఉంది. మందంగా పోస్తే పైపొర ఎండి అడుగున తేమ అట్లనే ఉంటుంది, తేమ కొలిచే మిషన్ పెట్టగానే బయటపడుతుంది. పలుచగా పోసి గంట గంటకూ కలియదిప్పాలి. మరీ ఎండనిచ్చినా దండగే: 17 నుంచి 14కు దిగితే క్వింటాలుకు మూడున్నర కిలోల తూకం పోతుంది, దానికి పైసా ఎక్కువ రాదు.

మిల్లు దారిలో అసలు భయం లైను. పచ్చి వడ్లు ట్రాలీలో రాత్రంతా ఉంటే లోపల వేడెక్కి రంగు మారతాయి. అప్పుడు గేటు దగ్గర చెప్పిన రేటు లోపల ఉండదు. మిల్లుకు వడ్లు తేవడానికి ఇచ్చే టోకెన్ చేతికి వచ్చాకే కోత మొదలుపెట్టడం మేలు.

దొడ్డు వడ్లకైతే పెద్ద ఆలోచన అక్కర్లేదు, కేంద్రమే. సన్నాలకు తేమ 22 శాతం లోపు ఉండి, రెండు మూడు రోజులు ఎండ కాసే సూచన ఉంటే కల్లం వైపే మొగ్గాలి. మబ్బు పట్టినా, పట్టాలు సరిపోకున్నా, రేటు వంద తగ్గినా సరే మిల్లుకు తోలేయడమే నయం. మొలకెత్తి, రంగు మారిన గింజ 5 శాతం దాటితే కేంద్రం కూడా తీసుకోదు.