కొండ లేని చోట మౌంటెన్ బైక్ అద్దెకి: బ్లువా, షాంబోర్, షెవెర్నీ ఒక రోజు తొక్కిన అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఇది ఫ్రాన్స్ కోటల రివ్యూ కాదండి, ఆ కోటల మధ్య తిరగడానికి అద్దెకి తీసుకున్న సైకిల్ రివ్యూ. షాపు పేరు రాయను, ఆ కుర్రాడు మంచోడే, ఒక్క విషయంలో తప్ప. ఆ ఒక్క విషయం గురించే ఇంత రాస్తున్నా అనుకోండి.

అక్టోబర్ మొదటి శనివారం. హైదరాబాద్ నుంచి మా బావమరిది వచ్చి మా ఇంట్లో ఉన్నాడు. నార్సింగి వైపు సోలార్ కప్పేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, దాని మీద నాలుగుసార్లు తొక్కాడు, అప్పట్నుంచి తనని తాను సైక్లిస్ట్ అనుకుంటాడు. పారిస్ ఆస్తర్లిట్జ్‌లో పొద్దున్నే ట్రైన్ ఎక్కితే రెండు గంటల్లోపే బ్లువా. అక్కణ్ణుంచి దక్షిణంగా సొలోన్ అనే ప్రాంతం, అడవి, చెరువులు, మళ్ళీ అడవి, మధ్యమధ్యలో కోటలు. ఎత్తుపల్లాలు అంటే స్పీడ్ బ్రేకర్లే. షాపులో నేను మౌంటెన్ బైక్ అడగ్గానే వీడు నవ్వాడు. "కొండే లేదు కదా బావా, మౌంటెన్ బైక్ ఎందుకు, నేను బ్యాటరీది తీసుకుంటా" అన్నాడు. సరే తీసుకోరా అన్నా.

నాది రోజుకి 28 యూరోలు, హెల్మెట్, తాళం, రిపేర్ సంచి అందులోనే. వాడిది సన్న టైర్ల ఎలక్ట్రిక్, 42. డిపాజిట్ కింద కార్డు మీద నాకు 300 బ్లాక్ చేశారు, వాడిది ఎంత చేశారో చెప్తే మా ఆవిడ చదువుతుంది, వద్దు. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా షాపు మూసేస్తారు, ఫ్రాన్స్‌లో ఇది కొత్తేం కాదు గానీ మధ్యాహ్నం ట్రైన్‌కి దిగి అద్దెకి తీసుకుందాం అనుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి.

సైకిల్ చూడ్డానికి బాగుంది. 29 అంగుళాల చక్రాలు, ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు, చైన్‌కి నూనె సరిగ్గా పెట్టారు, గేర్లు టక్ టక్ మని పడుతున్నాయి. సీటు మాత్రం చెక్క పీట. ఆ సస్పెన్షన్ రోజంతా ఎందుకూ పనికిరాలేదు, కదలకుండా లాక్ చేసి పెట్టుకున్నా, ఉట్టి బరువు. ఈ నేల మీద పనికొచ్చేది లావు టైరు, అది కూడా గాలి తగ్గించిన లావు టైరు. ఇది నాకు షాపులో తెలీదు, ఇసకలో తెలిసింది.

బ్లువాలో వంతెన దాటి లువార్ నది ఎడమ గట్టు పట్టుకున్నాం. నేను పుట్టింది పాలకొల్లు దగ్గర అండి, ఏటిగట్టు అంటే ప్రాణం. చిన్నప్పుడు నాన్న సైకిల్ ఫ్రేమ్ మధ్యలోంచి కాలు దూర్చి కాలవ గట్టు మీద తొక్కినోణ్ణి. ఈ లువార్ ఏమో ఫ్రాన్స్‌లో అన్నిటికంటే పొడవైన నది, వెయ్యి కిలోమీటర్ల పైన, కానీ వర్షాలు పడకముందు చూస్తే సగం నీళ్ళు సగం ఇసక మేటలు, మధ్యలో చెట్లు మొలిచిన లంకలు, అచ్చం ఎండాకాలం గోదారే. కాసేపు మాట్లాడలేదు నేను. వీడేమో ముందు బ్యాటరీ మీద జుయ్యిమని పోతూ వెనక్కి చూసి నవ్వుతున్నాడు.

చదును నేల గురించి ఎవరూ చెప్పని మాట ఒకటుంది. కొండ మీద ఎక్కేటప్పుడు చచ్చినా దిగేటప్పుడు కాళ్ళకి రెస్ట్. ఇక్కడ దిగడం అనేదే లేదు, రోజంతా తొక్కుతూనే ఉండాలి, ఎదురుగాలి తగిలితే అదే కొండ. ముప్పై కిలోమీటర్లకే నా తొడలు, మిగతా భాగాలు, వాటి గురించి వదిలేద్దాం.

సెన్ దియే అని నది ఒడ్డు ఊరు వస్తుంది. షాంబోర్ కోట కట్టేటప్పుడు పడవల్లో వచ్చిన రాయి ఇక్కడే దింపేవాళ్ళు. ఇప్పుడు పిల్లులు పడుకుని ఉన్నాయి. అక్కణ్ణుంచి లోపలికి తిరిగితే కాసేపటికి గోడ తగుల్తుంది, షాంబోర్ ప్రహరీ. 32 కిలోమీటర్లు! లోపల 5,440 హెక్టార్లు, దాదాపు పారిస్ నగరం అంత. ఒక వేట బంగళాకి. మొదటి ఫ్రాన్సువా రాజు 1519లో మొదలుపెట్టాడు, 282 ఫైర్‌ప్లేసులు పెట్టించాడు, తీరా ఆయన ఉన్నది రెండు నెలల పైచిల్లరే అంటారు. మన వాళ్ళు ఊళ్ళో నాలుగంతస్తుల ఇల్లు కట్టి అమెరికాలో ఉంటారే, అలాగన్నమాట. లోపల రెండు మెట్ల వరసలు ఒకదాన్నొకటి చుట్టుకుని పైకి పోతాయి, నేనొక వరసలో వాడొక వరసలో ఎక్కాం, మధ్యలో కిటికీల్లోంచి ఒకళ్ళకొకళ్ళం కనిపిస్తున్నాం గానీ పైదాకా కలవలేదు. ఈ ఐడియా లియొనార్డో డావిన్చీది అంటారు, ఆయన అదే 1519 మేలో పోయాడు. కోట గురించి ఇంతే, మిగతాది వెళ్ళి చూసుకోండి.

అసలు కథ కోట దాటాక. బ్రాసియూ ఊరి వైపు రోడ్డు వదిలేసి బులోన్ అడవి దారి పట్టాం. పైన్ చెట్లు, తెల్ల బెరడు బర్చ్ చెట్లు, కింద ఎర్రబారిన ఫెర్న్. దారి చూస్తే గట్టిగానే ఉంది, ఒక వంపు తిరిగాక తెల్లటి ఇసక. సొలోన్ నేలంతా ఇంతే అట, పైన ఇసక, కింద నీరు దిగని బంకమన్ను, అందుకే ఇన్ని చెరువులు. షాపు కుర్రాడు నా టైర్లలో గాలి రాయిలా కొట్టి ఇచ్చాడు, ముందు చక్రం ఇసకలో కత్తిలా దిగింది, హ్యాండిల్ తనంతట తనే తిరుగుతోంది, కంగారులో వెనక బ్రేక్ అనుకుని ఎడం చేత్తో గట్టిగా నొక్కా. ఇక్కడ ఎడం చేతిది ముందు బ్రేకు! మన దగ్గర కుడిది ముందుది కదా. అంతే, సైకిల్ అక్కడే ఆగిపోయింది, నేను ఆగలేదు. ఇసక కాబట్టి మోచెయ్యి గీసుకోవడంతో పోయింది. వెనక వాడు "బావా!" అని అరిచి తనూ దిగబోయి ఆ ఇరవై అయిదు కిలోల బ్యాటరీ బండి కింద పడ్డాడు. ఇద్దరం అలా కూర్చుని ఉంటే దూరంగా చెట్ల లోపల్నుంచి ఒక అరుపు, గేదె ఈనేటప్పుడు అరుస్తుందే, దానికి పదిరెట్లు గొంతు. వాడి మొహం పాలిపోయింది. ఎలుగుబంటా బావా అన్నాడు. కాదురా, మగ దుప్పి, ఎదకొచ్చింది, సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా ఇదే సంగీతం, జనం దీన్ని వినడానికి టికెట్ కొనుక్కుని మరీ వస్తారు అని చెప్పా. మాకు ఫ్రీ.

అప్పుడు చేసిన పని ఇది. వాల్వ్ మూత తీసి, చివర చిన్న మర వదులు చేసి, గోరుతో నొక్కి ఉస్ మని గాలి వదిలా. బొటనవేలితో టైరు నొక్కితే పండిన జామకాయలా లొంగే దాకా. ముందుదీ వెనకదీ. మళ్ళీ ఎక్కితే అదే ఇసక మీద చక్రం పరుచుకుని పోతోంది, కొంచెం బరువుగా, కానీ పోతోంది. నాలుగు కిలోమీటర్లు దిగకుండా తొక్కా. బావమరిది ఆ నాలుగు కిలోమీటర్లూ బండి తోసుకుంటూ నడిచాడు, సన్న టైరుకి బ్యాటరీ ఉండి ఏం లాభం, ఇసకలో వెనక చక్రం గుంట తవ్వుకుంటూ తిరుగుతుంది. ఈసారి వెనక్కి చూసి నవ్వే వంతు నాది.

ఈ అడవుల్లో ఒక జాగ్రత్త. సొలోన్‌లో ఎక్కువ భాగం ప్రైవేట్ వేట భూములే, ఎత్తు కంచెలు ఎంత పెరిగాయంటే 2023లో చట్టం చేసి కంచె 1.20 మీటర్లకి మించకూడదు, జంతువులు దూరేలా కింద 30 సెంటీమీటర్లు ఖాళీ ఉంచాలి అన్నారు. వేట జరుగుతోంది అని బోర్డు పెట్టిన దారిలోకి మాత్రం వెళ్ళకండి, నారింజ రంగు జాకెట్లు, తుపాకులు, నిజంగానే కాలుస్తారు.

బ్రాసియూలో పాత కాలం చెక్క కప్పు సంత మంటపం ఉంది, దాని కింద కూర్చుని మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. పక్కన కొన్న మేకపాల చీజు కూడా, సెల్ సుర్ షేర్ అంటారు, పైన నల్లటి బూడిద, విభూతి రాసినట్టు. లోపల తెల్లగా పుల్లగా ఉంటుంది. పులిహోరతో కలిపి తినొచ్చా అంటే, నేను తిన్నా. వాడు తినలేదు. నీళ్ళు అయిపోయాయి, కొట్లు మూసేశారు, ఇక్కడ సైక్లిస్టులందరికీ తెలిసిన చిట్కా ఏంటంటే ఊరి శ్మశానంలో కుళాయి ఉంటుంది. వాడు గేటు బయటే నిలబడ్డాడు, "అక్కకి చెప్పకు బావా" అని మళ్ళీ రెండు సీసాలు నా చేతికే ఇచ్చాడు.

షెవెర్నీ చేరేసరికి మూడున్నర. కోట తెల్లగా మెరుస్తూ ఉంది, బూరె అనే ఊరి నుంచి తెచ్చిన ఆ రాయి పాతబడే కొద్దీ ఇంకా తెల్లబడుతుందట. ఇక్కడ వేట కుక్కలు వంద దాకా ఉన్నాయి, మేం వెళ్ళేసరికి అన్నీ తినేసి ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా నిద్రపోతున్నాయి. చూసి కుళ్ళుకున్నాం.

ఇక్కణ్ణుంచి బ్లువాకి తారు రోడ్డు, తర్వాత రుస్సీ అడవిలో గట్టి బాట. అంటే టైర్లలో మళ్ళీ గాలి కావాలి. రిపేర్ సంచి తెరిచి పంపు తీశా. పట్టదు. నా చక్రానికి ఉన్నది సన్న వాల్వ్, దాన్ని ఫ్రెంచ్ వాల్వ్ అనే అంటారు, పంపుదేమో కారు వాల్వ్ మూతి. ఫ్రాన్స్‌లో, ఫ్రెంచ్ షాపులో, ఫ్రెంచ్ వాల్వ్‌కి పట్టని పంపు ఇచ్చారండి! పంక్చర్ పడుంటే అడవిలో రాత్రి ఆ దుప్పితో పాటు నేనూ అరిచేవాణ్ణి. మెత్తటి టైర్లతో తారు రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు తొక్కా, మైదా పిండి మీద తొక్కుతున్నట్టు. సెల్లెత్‌లో ఒక పెద్దాయన తోటలో ఆకులు ఊడుస్తుంటే అడిగా. ఆయన చక్రం చూసి, "సాబ్ల్?" అన్నాడు, ఇసకా అని. తలూపా. గరాజ్‌లోంచి నేల మీద నిలబెట్టి కొట్టే పెద్ద పంపు తెచ్చి ఆయనే కొట్టాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆరుంబావుకి షాపులో అప్పగించాం, మొత్తం 58 కిలోమీటర్లు. పంపు సంగతి చెప్తే కుర్రాడు పంపు తీసి, వాల్వ్‌కి పెట్టి చూసి, "ఆ లా లా" అని నవ్వాడు. అంతే. క్షమించండి లేదు, తగ్గింపు లేదు. పక్కన ఉన్న సంచిలో ఇంకో పంపు తీసి చూపించాడు, అదీ కారు మూతిదే.

దారికి 5కి 5. సైకిల్‌కి 4, సీటు వల్ల ఒకటి తీసేశా. షాపుకి రెండున్నర. కోటలు మాత్రమే చూసేవాళ్ళకి మామూలు సైకిల్ చాలు, అడవిలోకి దిగేటట్టయితే మాత్రం లావు టైర్లదే తీసుకోండి, బ్యాటరీ కాదు. నా 300 ఆరు రోజులకి అన్‌బ్లాక్ అయ్యాయి. వాడిది ఇంకా అవ్వలేదు, వాడు హైదరాబాద్ వెళ్ళిపోయి రోజూ నాకు మెసేజ్ పెడుతున్నాడు.