అరికాళ్ళ తిమ్మిర్లకు ఇంటి వైద్యం: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, పోయిన స్పర్శను వెనక్కి తెచ్చిన నూనె గానీ పసరు గానీ నాకు ఇంతవరకు తగల్లేదు. అయినా కొన్ని ఇప్పటికీ వాడుతూనే ఉన్నా. మొద్దుబారడంతో పాటు రాత్రిళ్ళు అరికాళ్ళ మంటలు, చర్మం ఎండి పగలడం, పిక్కలు పట్టేయడం కూడా వస్తాయి కదా, వాటికి ఇంటి వైద్యం బాగానే పనికొస్తుంది.

నాది షుగర్ వల్ల వచ్చింది, దానికి బి12 విటమిన్ లోపం తోడైంది. బొటనవేళ్ళ దగ్గర మొదలై చీలమండల దాకా పాకింది, రెండు కాళ్ళకీ ఒకేలా, ఎప్పుడూ మందపాటి సాక్స్ వేసుకున్నట్టే ఉంటుంది. షుగర్ ముందు దెబ్బకొట్టేది పొడవాటి నరాల చివర్లనే, అందుకే వేళ్ళతో మొదలవుతుంది. మీకు ఒక్క కాలికే ఉంటే మాత్రం నడుం దగ్గర నరం నొక్కుకుపోయిందేమో చూపించుకోండి, నూనెలు రాసుకుంటూ కూర్చోకండి.

నేను ఎక్కువ కాలం వాడింది నువ్వుల నూనె. రాత్రి పడుకునే ముందు వేళ్ళ దగ్గర నుంచి పిక్క వైపుకి నెమ్మదిగా నొక్కుతూ రాస్తాను. మొదట్లో వింతగా ఉండేది, చేతికి కాలు తెలుస్తుంది గానీ కాలికి చెయ్యి తెలియదు. ఆ సంగతి ఇప్పటికీ మారలేదు. కానీ మడమల పగుళ్ళు తగ్గాయి, నిద్ర తొందరగా పడుతోంది. పగుళ్ళు తగ్గడం చిన్న విషయం కాదు, షుగర్ వల్ల పాదాలకు చెమట పట్టడం తగ్గి చర్మం ఎండిపోతుంది, ఇన్‌ఫెక్షన్‌కి ఆ పగుళ్ళే దారి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయొద్దు, చెమ్మ నిలిచి ఫంగస్ పడుతుంది. ఆయుర్వేదంలో చెప్పే క్షీరబలా తైలం, మహానారాయణ తైలం కూడా వాడి చూశా. వాసన బావుంది. రెండింటికీ మూలం నువ్వుల నూనే, ఫలితంలో పెద్ద తేడా నాకు కనిపించలేదు.

ఇక అందరూ చెప్పేది, వేడినీళ్ళలో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉండే ఉప్పు) కలిపి కాళ్ళు నానబెట్టడం. హాయిగా ఉండే మాట నిజమే, కానీ చర్మం గుండా మెగ్నీషియం లోపలికెళ్ళి నరాలను బాగుచేస్తుందనడానికి గట్టి ఆధారమేమీ లేదు. పైగా స్పర్శ లేని కాలికి వేడి తెలియదు, బొబ్బలెక్కి చర్మం ఊడేదాకా తెలియకపోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళు కాళ్ళు నానబెట్టడమే వద్దంటారు చాలామంది డాక్టర్లు. నేనూ మానేశా. కాళ్ళు కడుక్కోవడానికైనా ముందు మోచెయ్యి ముంచి చూస్తాను. హీటింగ్ ప్యాడ్, వేడినీళ్ళ సంచి జోలికి అసలు పోను.

మంటలకు నాకు నిజంగా పనిచేసింది మిరపకాయ నుంచి తీసే క్యాప్సైసిన్ క్రీమ్, 0.075 శాతంది. కాకపోతే మొదటి వారాల్లో మంట ఇంకా పెరుగుతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. రాసుకున్న చేత్తో పొరపాటున కన్ను నలుపుకుంటే ఇక చూసుకోండి! ఇంట్లో కారం నూరి పట్టించే పని మాత్రం పెట్టుకోవద్దు. మొద్దుబారడానికి ఈ క్రీమ్ కూడా ఏమీ చెయ్యదు, పగిలిన చర్మం మీద రాయకూడదు.

మెంతులు, పసుపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నా కాళ్ళలో తేడా రాలేదు.

నరాల బలానికి అంటూ పేరూ వివరాలూ లేకుండా అమ్మే చూర్ణాలు, భస్మాలు వద్దే వద్దు. 2008లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్లో ఐదో వంతు వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. ఈ లోహాలే నరాలను పాడుచేస్తాయి, ఇంక బలం ఎక్కడిది? బి కాంప్లెక్స్ మాత్రలు కూడా సొంతంగా ఏళ్ళకేళ్ళు మింగొద్దు, బి6 మోతాదు మించితే దానివల్లే తిమ్మిర్లు వస్తాయి.

నాకు కాస్తోకూస్తో స్పర్శలో మార్పు కనిపించింది బి12 ఇంజెక్షన్లు, షుగర్ అదుపు తర్వాతే. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలం వాడేవాళ్ళలో బి12 పడిపోవచ్చు, ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. ఓపిక కావాలి, దెబ్బతిన్న నరం తిరిగి బాగా పెరిగినా రోజుకు 1 మిల్లీమీటరే. స్పర్శ ఎంత ఉందో చూడడానికి డాక్టర్ మనల్ని కళ్ళు మూసుకోమని, 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో పాదం మీద అక్కడక్కడా తాకుతారు, తగిలిందో లేదో మనం చెప్పాలి. మసాజ్ పనిచేస్తోందా లేదా అన్నది మన అనుభూతి కన్నా ఆ పోగుకే బాగా తెలుస్తుంది.

ఇప్పుడు నా దగ్గర మిగిలినవి రాత్రి నువ్వుల నూనె, మంటలు ఎక్కువైతే ఆ క్రీమ్, రోజూ నడక, అరికాళ్ళు చూసుకోవడానికి ఒక చిన్న అద్దం. అద్దంలో పుండు గానీ నల్లమచ్చ గానీ కనిపిస్తే దాని మీద పసుపూ నూనే ఏదీ పెట్టకండి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.