మెడికల్ స్టూడెంట్స్‌కి ఎబోలా ట్రైనింగ్: ప్రాక్టికల్ సూపర్, ట్రీట్‌మెంట్ పార్ట్ పాతది

మెడికల్ స్టూడెంట్స్ కోసం పెట్టిన ఎబోలా ట్రైనింగ్ ఇది, సగం ఆన్‌లైన్ వీడియోలు సగం ప్రాక్టికల్. చేద్దామా వద్దా అనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా.

వీడియోలు బానే ఉన్నాయి. 1976లో కాంగో (అప్పటి జైర్) దేశంలోని యాంబుకు ఊళ్ళో బయటపడటం, గబ్బిలాలు, 2 నుంచి 21 రోజుల ఇంక్యుబేషన్ (వైరస్ సోకాక లక్షణాలు కనపడే వరకు పట్టే టైమ్), ఇవన్నీ పరీక్షకి చదివినవే. నాకు బాగా నచ్చింది మాత్రం బ్లీడింగ్ గురించి చెప్పిన భాగం. ఎబోలా అంటే రక్తం కారాల్సిందే అని మన బుర్రలో ఫిక్స్ అయిపోయింది కదా, నిజానికి చాలామంది పేషెంట్లకి బ్లీడింగ్ కనపడనే కనపడదు, జ్వరం, నీరసం, వాంతులు, విరేచనాలతో వస్తారు, మనం మలేరియానో టైఫాయిడో అనుకుని గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటాం. లక్షణాలు మొదలైన మొదటి మూడు రోజుల్లో పీసీఆర్ (రక్తంలో వైరస్‌ని పట్టే టెస్ట్) నెగెటివ్ వచ్చినా వదిలేయకుండా మళ్ళీ చేయాలని కూడా గట్టిగా చెప్పారు.

ప్రాక్టికల్ అయితే సూపర్ అసలు. పీపీఈ (గౌన్, గ్లవ్స్ లాంటి రక్షణ దుస్తులు) వేసుకోవడం అందరికీ వచ్చేస్తుంది, తీసేటప్పుడే ఉంది ప్రమాదమంతా. గౌన్ మీద, గ్లవ్స్ మీద మెరిసే పౌడర్ పూసి, అంతా విప్పేశాక యూవీ లైట్ వేశారు, మణికట్ల మీద, మెడ మీద మెరుస్తుంటే బ్యాచ్ మొత్తం సైలెంట్.

నచ్చనిది చెప్తా. "ఇలాంటి కేస్ వస్తే మీరు చూస్తారా" అని అడిగారు, చాలామంది చూడం అన్నారు, ఒకమ్మాయి "మందే లేనప్పుడు వెళ్ళి ఏం చేస్తాం సార్" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ట్రీట్‌మెంట్ స్లైడ్‌లో మందు లేదనే ఉంది! 2019లోనే ఎర్వెబో వ్యాక్సిన్‌కి అప్రూవల్ వచ్చింది, 2020లో ఇన్మజెబ్, ఎబాంగా అనే మందులు వచ్చాయి. ఇవి ఎబోలా వైరస్‌లో జైర్ అనే రకానికే, నిజమే, కానీ మిగతా రకాల్లో కూడా ఫ్లూయిడ్స్, ఎలక్ట్రోలైట్స్ టైమ్‌కి సరిగ్గా ఇస్తే బతికే ఛాన్స్ పెరుగుతుంది. ఇవేవీ చెప్పకుండా 2014-16లో పశ్చిమ ఆఫ్రికాలో 11,300 మందికి పైగా పోయారని, అందులో డాక్టర్లు, నర్సులు కూడా ఉన్నారని చూపిస్తే ఎవరు ముందుకొస్తారు చెప్పండి? భయపడటం సహజం, దాని గురించి కూర్చుని మాట్లాడించాలి, వీళ్ళేమో హడావిడిగా క్విజ్‌కి వెళ్ళిపోయారు. కోలుకుని ఇంటికెళ్ళినవాళ్ళని ఊరు దూరం పెట్టడం గురించి ఒక్క ముక్క లేదు.

ఫైనల్ ఇయర్ వాళ్ళు, ఇంటర్న్స్ ప్రాక్టికల్ కోసమైనా తప్పకుండా చేయండి, ట్రీట్‌మెంట్ మాత్రం డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్స్ చూసి విడిగా చదువుకోండి. 5కి 3.5 ఇస్తున్నా, ఆ స్లైడ్స్ మారిస్తే 4.5 ఇస్తా.