మట్టి తినే చిలకలా, బాదంకాయలు కొరికే చిలకలా?

మకావ్‌లనే రంగురంగుల పెద్ద చిలకల్ని అడవిలో చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి, కోస్టారికాలోని ఓసాకా, పెరూలోని అమెజాన్ అడవి తంబోపాటాకా? ఓసా ద్వీపకల్పంలో ఎర్ర మకావ్‌లు ఇష్టంగా తినేది మన బాదంకాయలే. పొట్లంలో కొనుక్కునే బాదంపప్పు కాదు, మన వీధి చివర గొడుగులా పరుచుకుని ఉంటుందే, ఆ నాటు బాదం. ఆసియా నుంచి వెళ్లిన ఆ చెట్టు అక్కడి పసిఫిక్ తీరంలో బాగా పాతుకుపోయింది. చిన్నప్పుడు మనం రాయితో చితక్కొట్టి పప్పు తీసుకున్న కాయని ఈ పంచవన్నెల చిలక ముక్కుతోనే పగలగొట్టేస్తుంది. ప్యూర్టో హిమెనెస్ ఊళ్లో రోడ్డు మీద నిలబడి తలెత్తినా కనిపిస్తాయి. పడవ అక్కర్లేదు, బైనాక్యులర్ కూడా పెద్దగా అక్కర్లేదు.

పెరూలోని తంబోపాటాలో ఇంత సుఖం లేదు. కుస్కో నుంచి ప్యూర్టో మాల్డొనాడోకి విమానం, అక్కడి నుంచి నదిలో పడవ ప్రయాణం. మరునాడు తెల్లవారుజామున నాలుగింటికే లేచి, చీకట్లోనే బయలుదేరి నదీ తీరంలోని మట్టి గట్టుకి ఎదురుగా కూర్చోవాలి. ఆ గట్టుని అక్కడివాళ్లు కొల్పా అంటారు. ముందు చిన్న చిలకలు చెట్ల మీద చేరి గోల మొదలుపెడతాయి. ఏదో ఒకటి ధైర్యం చేసి దిగిందంటే మిగతావన్నీ దాని వెనకే. ఎర్రవి, ఎరుపు-ఆకుపచ్చవి, నీలం-పసుపువి, పెద్ద మకావ్‌లు మూడు రకాలూ ఒకే గోడకి వేలాడుతూ మట్టి తింటాయి.

మట్టి ఎందుకంటే, ఉప్పు కోసం. సముద్రానికి అంత దూరంలో ఉన్న పడమటి అమెజాన్‌లో చెట్లలో, పండ్లలో సోడియం చాలా తక్కువ. పచ్చి గింజల్లోని విషాన్ని విరిచేందుకు తింటాయన్న వాదన కూడా ఉంది కానీ, తంబోపాటాలో ఏళ్ల తరబడి సాగిన పరిశీలన సోడియం వైపే మొగ్గింది.

ఇక్కడే అసలు టెన్షన్. వాన పడితే అవి రావు. గద్ద నీడ కనబడితే గట్టు మొత్తం ఒక్కసారిగా లేచిపోతుంది, మళ్లీ దిగుతాయన్న గ్యారంటీ లేదు. అందుకే ఒక్క రాత్రి ప్యాకేజీ తీసుకుని తంబోపాటా వెళ్లడం డబ్బు దండగ. కనీసం మూడు రాత్రులుంటే రెండు ఉదయాలైనా చేతికొస్తాయి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు తక్కువ కాలమే అయినా, మే, జూన్‌లలో గట్టుకి వచ్చే పక్షులు తగ్గిపోతాయి. ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య వెళ్లండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. మంచి బైనాక్యులర్ కొనాల్సిందే, లేకపోతే దూరాన రంగు చుక్కలు తప్ప ఏమీ కనబడవు.

ఓసాకి డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. అమెరికాలో ఉన్న మనవాళ్లకి దగ్గర కూడా. లోటల్లా ఒకటే: అక్కడ పెద్ద మకావ్ అంటే ఎర్రదే. పెద్ద ఆకుపచ్చ మకావ్ కావాలంటే అటు కరీబియన్ వైపు వెళ్లాలి.

అమ్మానాన్నల్నో చిన్నపిల్లల్నో వెంటబెట్టుకుని వెళ్తుంటే ఇంక ఆలోచించకుండా ఓసాకే వెళ్లండి. నా ఓటు మాత్రం తంబోపాటాకే, అదీ మూడు రాత్రులు దొరికితేనే. సెలవు రెండే రాత్రులంటే నేనూ బాదం చెట్ల కిందకే పోతాను.