వాడని ఏటీఎం కార్డుకు బ్యాంకు నోటీసు: ఉద్దేశం మంచిది, చెప్పింది సగమే

అనంతపురం పాతూరులో నాది జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. ఏటీఎం కార్డు చాన్నాళ్లుగా వాడలేదని బ్యాంకు పంపే నోటీసులు పట్టుకుని వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నాకూ ఒకటి వచ్చింది, ఎప్పుడో తెరిచిన పొదుపు ఖాతా కార్డు మీద. బ్యాంకు పేరు రాయడం లేదు. నోటీసు వరకే మాట్లాడతాను. ఐదుకు మూడు మార్కులు.

ఫోనుకు ఎస్సెమ్మెస్ వస్తుంది, ఇంటికి కవరు వస్తుంది. కవరులో ఒకటే కాగితం. పైన పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు. మధ్యలో రెండు వాక్యాలు: చాలాకాలంగా కార్డు వాడలేదు, గడువులోగా వాడకపోతే బ్లాక్ చేస్తాం అని. కింద చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. మొత్తం ఇంగ్లీషే.

బ్లాక్ చేయడం మంచి పనే అంటాను. బీరువాలో పడి ఉన్న కార్డు పోయినా పోయినట్టు మనకు తెలియదు. ట్యాప్ సౌకర్యం (మెషీన్‌కు కార్డు తాకిస్తే చాలు, డబ్బు కట్టేది) ఆన్‌లో ఉన్న కార్డయితే 5,000 రూపాయల దాకా పిన్ లేకుండానే గీకేయొచ్చు. రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం కూడా ఈ జాగ్రత్త కోసమే. ఆన్‌లైన్‌కు, విదేశాల్లో, ట్యాప్‌కు ఒక్కసారి కూడా వాడని కార్డుల్లో ఆ సౌకర్యాలు ఆపేయమంది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలైంది. కొత్త కార్డు ఏటీఎంలో, షాపు మెషీన్‌లో పనిచేసి ఆన్‌లైన్‌లో పనిచేయకపోతే కారణం అదే. యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి.

మరి రెండు మార్కులు ఎందుకు కోశానో చెప్తాను.

రాప్తాడు వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. ప్లాస్టిక్ కవరులో పాసు పుస్తకం, మడత పెట్టిన నోటీసు, రూపే కార్డు. కార్డు వెనక అంటించిన కాగితం కూడా ఊడదీయలేదు. "ఇదేందో చూడు నాయనా, నా దుడ్లు పోతాయంటనా?" అనింది. "దుడ్లు యాడికీ పోవు అవ్వా, కార్డు ఒకటే ఆగిపోతుంది" అని చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. ఉపాధి కూలి డబ్బులు పడితే ఊర్లోనే బ్యాంకు తరఫున డబ్బులిచ్చే బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి తీసుకుంటుంది. కార్డుతో ఆమెకు పనే పడలేదు.

ఆమెది జన్‌ధన్ ఖాతా. 2018 ఆగస్టు 28 తర్వాత తెరిచిన జన్‌ధన్ ఖాతాల రూపే కార్డుకు 2 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంది, అంతకుముందు వాటికి లక్ష. అయితే ప్రమాదం జరిగిన రోజుకు ముందు 90 రోజుల్లో కనీసం ఒక లావాదేవీ జరిగి ఉండాలి. వేలిముద్రతో తీసుకున్నది ఆ లెక్కలోకి వస్తుందో లేదో బ్యాంకులోనే అడిగి తెలుసుకోవాలి. ఎండలో కూలికి పోయే మనిషికి, ఆటోల్లో తిరిగే మనిషికి ఆ బీమా ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా? కార్డు బ్లాక్ చేస్తామని రాసిన బ్యాంకు బీమా గురించి ఒక్క ముక్క రాయలేదు. నాకు చాలా బాధనిపించింది. ఆ ఒక్క లైను ఉంటే అవ్వ కొడుకైనా చదివి ఏటీఎంకు తీసుకుపోయి ఉండేవాడు.

కొడుకు అంటే ఇంకోటి. కార్డుకు పిన్ పెడదామని చూస్తే, ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు బెంగళూరులో పనిచేసే కొడుకుది. ఓటీపీ అక్కడికి పోతుంది. ఎస్సెమ్మెస్ కూడా అక్కడికే పోయి ఉంటుంది. ఆ అబ్బాయికి ఫోన్ చేసి, ఓటీపీ చదివించుకుని, అవ్వ చేతనే పిన్ పెట్టించి వంద రూపాయలు తీయించాం. నోటీసులో 'మీ ఫోన్ నంబరు సరిచూసుకోండి' అని రాయడానికి బ్యాంకుకు ఏం ఖర్చు?

రెండోది ఛార్జీ. జన్‌ధన్ కార్డుకు ఏడాది ఛార్జీ ఉండదు. మామూలు ఖాతా కార్డుకు ఉంటుంది. మా బ్యాంకులో 200, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 236. వాడినా, వాడకపోయినా కోస్తారు. నోటీసులో ఆ సంగతి లేదు.

ఇంకో గందరగోళం: కార్డు ఆగడం వేరు, ఖాతా ఆగడం వేరు. రెండేళ్లు మనం ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా నిద్రాణమవుతుంది. దాన్ని తిరిగి తెరవడానికి డబ్బులు వసూలు చేయకూడదని, అలాంటి ఖాతాల్లో మినిమం బ్యాలెన్స్ లేదని జరిమానా వేయకూడదని 2024 ఏప్రిల్ 1 నుంచి నియమం ఉంది. జనం రెండూ ఒకటే అనుకుని భయపడతున్నారు.

ఆ భయం మీదే మోసగాళ్లు బతుకుతున్నారు. 'కార్డు బ్లాక్ అవుతుంది, ఈ లింకు నొక్కండి' అనేది వాళ్ల పాత ఎత్తు. అసలు బ్యాంకు ఎస్సెమ్మెస్ పదంకెల మామూలు నంబరు నుంచి రాదు, పేరుతో వస్తుంది. నాకు వచ్చిన దాంట్లో లింకు లేదు, అందుకు మెచ్చుకుంటాను. అనుమానం వస్తే కార్డు వెనకున్న నంబరుకే ఫోన్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

బ్రాంచిలో మాత్రం పని బాగా జరిగింది. నా కార్డు నాకు అక్కర్లేదు, రద్దు చేయమన్నాను. కౌంటర్‌లో అమ్మాయి ఫారం ఇచ్చి, నా ముందే చిప్పు మీదుగా కార్డును కత్తిరించింది. "ఫోన్‌పే ఆగదు సార్, ఖాతా అట్లే ఉంటుంది. రేపు యూపీఐ పిన్ మర్చిపోతే మాత్రం కార్డు అడుగుతుంది, ఆధార్‌తో పెట్టుకోండి" అని తనంతట తానే చెప్పింది. ఆధార్‌కు, ఖాతాకు ఒకే ఫోన్ నంబరు ఉందా అని కూడా చూసి పంపింది. కార్డు రద్దు చేసుకోవాలనుకునేవాళ్లు ఇది ముందే సరిచూసుకుని వెళ్లండి.