తొమ్మిదేళ్లు నడిచాక మా నేల గురించి: ఇన్సులేషన్, స్క్రీడ్ పొరల అనుభవం

ఇల్లు కట్టేటప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ నేలలో ఇన్సులేషన్ (ఇంట్లో వేడి కిందికి పోకుండా ఆపే పొర) వేయించి తొమ్మిదేళ్లయింది. అప్పట్లో నా టెన్షన్ అంతా బోర్డు ఎంత మందం వేయాలన్న దాని మీదే. ఇన్నేళ్లూ ఈ నేల మీద తిరిగాక తెలిసిందేమిటంటే, మందం మమ్మల్ని ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది పెట్టినవి రెండే: గోడ వార, తొందర.

మా నేలలో కింది నుంచి వరస ఇది. దిమ్మిస కొట్టిన కంకర, దాని మొనలు గుచ్చుకోకుండా పైన పలచగా ఇసుక, చెమ్మ పైకి రాకుండా 300 మైక్రాన్ల పాలిథిన్ షీట్, 150 మిల్లీమీటర్ల కాంక్రీట్ స్లాబ్, 100 మిల్లీమీటర్ల ఈపీఎస్ బోర్డులు, మళ్లీ ఒక పలచని పాలిథిన్, ఆపైన 65 మిల్లీమీటర్ల స్క్రీడ్, అంటే టైల్స్, చెక్క వేయడానికి నేలను చదును చేసే సిమెంట్-ఇసుక పొర. ఈపీఎస్ అంటే థర్మాకోలే. అయితే టీవీ డబ్బాల్లో వచ్చే మెత్తటి రకం కాదు, నేల బరువు మోయడానికి తయారైన గట్టి రకం. బరువుకి కుంగిపోతుందేమోనని చాలామంది అడుగుతారు. నిండుగా పుస్తకాలున్న బీరువా తొమ్మిదేళ్లుగా ఒకే చోట ఉంది, దాని కింద రసమట్టం పెట్టి చూస్తే ఇప్పటికీ బుడగ మధ్యలోనే నిలుస్తుంది.

బోర్డులను ఇటుకల్లా అతుకు మీద అతుకు పడకుండా పరిచి, అతుకులకు టేప్ వేయించాను. సందుల్లోకి సిమెంట్ పాలు దిగితే గట్టిపడి, చలి పైకి రావడానికి అదే దారి అవుతుంది. స్క్రీడ్ మాలు పొడిపొడిగా కలిపారు. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. మేస్త్రీ గారు ప్రతి కలుపుకీ అలా నొక్కి చూసేవారు. అందుకేనేమో మధ్య భాగంలో ఎక్కడా పగులు లేదు.

ఇక గోడ వార సంగతి. స్క్రీడ్ నేరుగా గోడకు తగలకుండా చుట్టూ 25 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ పట్టీని నిలబెట్టాలి. నేల మధ్యలో కింద మట్టే కొంత కాపు కాస్తుంది. అంచుల్లో బయటి చలి దగ్గర కాబట్టి వేడి ఎక్కువగా అక్కడే పోతుంది. వంటింటి వెనక గోడకు రెండు మీటర్ల మేర పట్టీ అయిపోయింది. "ఇంత ముక్క కోసం పని ఆపుతారా సార్?" అన్నారు పనివాళ్లు. నేను ఆపలేదు. మొదటి చలికాలంలోనే ఆ గోడ పక్కన వట్టికాళ్లతో నిలబడితే నాలుగు వేళ్ల వెడల్పున చల్లటి గీత స్పష్టంగా తెలిసేది. అడుగు ఇటు వేస్తే మామూలే. రెండో చలికాలానికి అల్మరా వెనక స్కర్టింగ్ మీద నల్లటి బూజు పట్టింది. మొదట పైపు లీకవుతోందనుకుని ప్లంబర్‌ని పిలిచాం. తీరా చూస్తే చల్లటి గోడ మీద వంటింటి ఆవిరే నీరై పడుతోంది.

రెండోది తొందర. స్క్రీడ్ పైన చేత్తో తడిమితే వారానికే ఆరినట్టు ఉంటుంది, లోపల ఆరదు. మొదటి 50 మిల్లీమీటర్లకు మిల్లీమీటరుకు ఒక రోజు, ఆ పైన ప్రతి మిల్లీమీటరుకూ అంతకంటే ఎక్కువ రోజులని లెక్క. 65 మిల్లీమీటర్లకు దాదాపు రెండున్నర నెలలు పడుతుందనుకోవాలి, అదీ గాలి బాగా ఆడితే. పడకగదిలో ఓపిక పట్టాం, చెక్క ఫ్లోరింగ్ ఇప్పటికీ చక్కగా ఉంది. చదువుకునే గదిలో నలభై అయిదో రోజే చెక్క వేయించాను. మూడు నెలల్లో ప్రతి పలక అంచూ పైకి లేచి, చేత్తో రాస్తే గరుకు గరుకుగా తగిలింది. కింది తేమ తాగి పలకల అడుగు ఉబ్బింది. మొత్తం పీకించి, ఆరాక మళ్లీ వేయించాల్సి వచ్చింది. రెండు అడుగుల పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేప్‌తో అతికించి ఒక రోజు వదిలేస్తే, కింద నీటి బిందువులు కనిపించి విషయం అప్పుడే తెలిసేది. బిందువులు లేనంత మాత్రాన పూర్తిగా ఆరినట్టు కాదు, చెక్క వేసేముందు తేమ మీటరుతో కొలిపించుకోవాలి.

అలాగని మొదట్లో త్వరగా ఆరబెట్టకూడదు కూడా. హాల్లో కొత్త స్క్రీడ్ మీద వారం రోజులు కప్పి ఉంచాల్సిన పాలిథిన్‌ని రెండో రోజే ఒక మూల తీసేశారు. అక్కడ పైభాగం ముందు ఆరి ముడుచుకుని, మూల పైకి లేచింది. నాణెంతో తడితే డొల్లగా మోగుతుంది. అయిదో ఏట అక్కడి టైల్ పగిలింది.

ఇల్లు కట్టుకునేవాళ్లు అడిగితే, చలి గట్టిగా ఉండే చోటైతే తప్పకుండా వేయించమంటాను. ఎండలే ఎక్కువైన చోట నేల చల్లదనం హాయి, అక్కడ బోర్డులకు ఖర్చు పెట్టక్కర్లేదు. చెమ్మ ఆపే పాలిథిన్ మాత్రం ఎక్కడైనా వేయించాల్సిందే.

నిరుడు వంటింటి గోడ పక్కన స్క్రీడ్‌ని సన్నగా కోయించి పట్టీ దూర్పించాను. మా నేలలో గదిని వెచ్చబెట్టే వేడినీటి పైపులు లేవు కాబట్టి ధైర్యం చేశాం, ఉంటే ముట్టుకునేవాణ్ని కాదు. కింది పాలిథిన్ తెగకుండా బ్లేడు లోతు ముందే బిగించుకున్నారు. ఈ చలికాలం అల్మరా వెనక గోడ పొడిగా ఉంది. హాల్లో టైల్ మార్చాం కానీ, కింద డొల్ల అలాగే ఉంది.